మా రోజుల్లో ముందు ప్లగ్గు పీకేవాళ్లం

ఈ మధ్య ఏ సర్వర్ రూముకి తీసుకెళ్లినా ఒకటే తంతు. గాజు తలుపు, నీలి లైట్లు, గోడకి పెద్ద టీవీ, దానిమీద పచ్చపచ్చగా మెరిసే గ్రాఫులు. చూపించే కుర్రాడు మహా హుషారుగా ఉంటాడు. "అంతా ఇక్కణ్ణుంచే సార్, ఫోన్లోంచి కూడా మేనేజ్ చేసేయొచ్చు" అంటాడు. "మరి ఆ నెట్‌వర్కే పడిపోయిందనుకో నాయనా, అప్పుడు మెషిన్లోకి ఎలా దూరతావు?" అని అడుగుతాను. "పడదు సార్, రెండు లింకులున్నాయి" అంటాడు. రెండు లింకులూ ఒకే గోతిలోంచి వస్తాయని, ఆ గోతిమీదకి రేపో మాపో జేసీబీ దిగుతుందని వీడికి ఎవరు చెప్పాలి?

మా రోజుల్లో ఈ ప్రశ్న మెషిన్ కొనకముందే అడిగేవాళ్లం. దానికి జవాబుగా ఒక పెట్టె కూడా కొనేవాళ్లం. దాన్ని టెర్మినల్ సర్వర్ అనేవాళ్లం.

ఇప్పటివాళ్లకి ఆ మాట చెబితే విండోస్‌లో ఎక్కడో ఉన్న డెస్క్‌టాప్ ఇక్కడ తెరుచుకోవడం అనుకుంటారు. అది 1998లో మైక్రోసాఫ్ట్ వాడు పెట్టుకున్న పేరు. నేను చెప్పేది అంతకు ముందు సంగతి. ఒకవైపు ఎనిమిదో పదహారో ముప్ఫై రెండో సీరియల్ పోర్టులు, రెండోవైపు ఒక్క ఈథర్‌నెట్ తీగ. సీరియల్ పోర్టుకి టెర్మినల్ తగిలించి, కీబోర్డు ముందు కూర్చుని హోస్టు పేరు కొడితే, ఆ పెట్టె టెల్నెట్ గానీ ఆర్‌లాగిన్ గానీ పట్టుకుని అడిగిన యునిక్స్ మెషిన్ దగ్గరికి తీసుకెళ్లేది. ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1971లోనే అమెరికాలో ఆర్పానెట్ కోసం బీబీఎన్ కంపెనీ టిప్ అని ఒకటి కట్టింది. హనీవెల్ 316 కంప్యూటరు మీద 63 టెర్మినళ్ల దాకా తగిలించుకోవచ్చు. సొంత కంప్యూటరు లేనివాడు కూడా టెర్మినల్ పట్టుకుని నెట్‌వర్క్ ఎక్కేవాడు. మేం తొంభైల్లో వాడినవన్నీ దానికి మనవలూ మునిమనవలూ.

ఎందుకంత అవసరమంటే, అప్పట్లో వర్క్‌స్టేషన్ అంటే లక్షల మాట. సన్ స్పార్క్‌స్టేషన్ ఒకటి వచ్చిందంటే దానికి ఏసీ గది, ముందు కొబ్బరికాయ, డైరెక్టరు గారి ప్రసంగం. దాని ముందు కూర్చునే భాగ్యం ఒక్కడికే. మిగతా ఇరవైమంది? వెనక చూస్తే సీరియల్ పోర్టులు రెండే, టీటీవై-ఏ, టీటీవై-బీ. ఒకటి మోడెమ్‌కి, ఒకటి ప్రింటర్‌కి పోతే మనిషికి మిగిలేదేం లేదు. అందుకని చవగ్గా దొరికే మొద్దు టెర్మినళ్లు కొనేవాళ్లం. వీటీ-220లో, వైస్-60లో. ఆకుపచ్చ అక్షరాలు, లేకపోతే కాషాయం రంగు అక్షరాలు. ఆ రంగుల్లోనే థీసిస్‌లు రాశారు, ప్రోగ్రాములు రాశారు, ఉద్యోగాలకి అప్లికేషన్లు కూడా రాసుకున్నారు. ఎవడికీ కళ్లు పోలేదు.

ఈ టెర్మినళ్లని మెషిన్‌కి కలపడానికి రెండు దారులు. మల్టీపోర్ట్ కార్డు ఒకటి కొని మెషిన్ పొట్టలోనే దిగ్గొట్టడం మొదటిది. చవక. కానీ ఆ మెషిన్ పడుకుంటే దానికి తగిలిన పదహారుమందీ టీ క్యాంటీన్లో తేలతారు. పైగా ఆపరేటింగ్ సిస్టం కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఆ కార్డుకి డ్రైవరు వస్తుందా రాదా అని ఎదురుచూపు. సన్ఓఎస్ నుంచి సొలారిస్‌కి మారినప్పుడు ఇలాంటి కార్డులు నమ్ముకున్నవాళ్లు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. రెండోది టెర్మినల్ సర్వర్. ఖరీదెక్కువ. కానీ ఏ మెషిన్ డ్రైవరుతోనూ దానికి పని లేదు. ఒక హోస్టు పడితే ఇంకో హోస్టుకి పోవచ్చు. కంపెనీ మారినా, ఓఎస్ మారినా, టెల్నెట్ మారదు. 1983లో రాసిన ఆ ప్రోటోకాల్ ఇవాళ్టికీ అదే.

ఇప్పుడు కొనడం ఎలా ఉందో చూస్తున్నాం. కంపెనీవాడే స్పెసిఫికేషన్ రాసి ఇస్తాడు, ఆఫీసువాడు దాన్ని టెండర్లో అతికిస్తాడు, ఎల్-వన్, అంటే అందరికన్నా తక్కువ ధర వేసినవాడికి ఆర్డరు. ఎల్-వన్ మాకూ ఉండేదిలెండి, అదేం కలియుగాంతంలో పుట్టింది కాదు. కాకపోతే ఎల్-వన్ కవరు తెరిచేలోపు మేం మా పరీక్షలు పెట్టేవాళ్లం. ఆ పరీక్షలు మాన్యువల్‌లో ఉండేవి కావు, బ్రోషర్లో అసలే ఉండేవి కావు.

మొదటిది ప్లగ్గు పరీక్ష. సేల్స్ ఇంజినీరు టై కట్టుకుని వచ్చి, పెట్టె బల్లమీద పెట్టి, దీపాలు వెలిగించి, ఉపన్యాసం అందుకునేవాడు. మా సీనియర్ ఒకాయన ఉండేవారు. మాట్లాడకుండా అంతా వినేవారు. అయిపోయాక వెళ్లి ప్లగ్గు పీకేసేవారు. సేల్స్ ఇంజినీరు మొహం పాలిపోయేది. "మళ్లీ పెట్టండి, ఏం చేస్తుందో చూద్దాం" అనేవారు ఆయన.

దానికో కారణం ఉంది. సీరియల్ లైన్ మీద బ్రేక్ అని ఒక సంకేతం ఉంటుంది. ఒక అక్షరం పట్టే కాలం కన్నా ఎక్కువసేపు లైను సున్నా దగ్గర నిలబడిపోతే దాన్ని బ్రేక్ అంటారు. సన్ మెషిన్‌కి మానిటరూ కీబోర్డూ లేకుండా సీరియల్ పోర్టునే కన్సోల్‌గా పెట్టుకుంటే, ఆ లైన్లో బ్రేక్ రాగానే మెషిన్ చేస్తున్న పని చేస్తున్నట్టే ఆపేసి "ఓకే" అని ప్రాంప్ట్ చూపిస్తుంది. అది లోపం కాదు, కావాలని పెట్టిన ఏర్పాటు. మెషిన్ బిగుసుకుపోతే బయటినుంచి పట్టుకోవడానికి. ఆ కన్సోళ్లని కూడా టెర్మినల్ సర్వర్ పోర్టులకే తగిలించేవాళ్లం. కానీ కొన్ని టెర్మినల్ సర్వర్లకి కరెంటు పోగానే వాటి పోర్టులన్నీ ఒక్కసారి గాల్లో తేలి, అవతలి మెషిన్‌కి అది బ్రేక్ లాగే కనిపించేది. అంటే సర్వర్లన్నీ యూపీఎస్ మీద నిక్షేపంగా ఉన్నాయి, పక్కనున్న చిన్న పెట్టె మాత్రం గోడ సాకెట్‌కి పెట్టాం. కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. అంతే, ఉన్న మెషిన్లన్నీ వరసగా "ఓకే, ఓకే" అంటూ నిలబడిపోతాయి. మెయిల్ ఆగిపోతుంది, ఫైల్ సర్వర్ ఆగిపోతుంది, ఫోన్లు మోగుతాయి. చచ్చిపోయాయనుకుని అనుభవం లేనివాడు రీబూట్ కొడతాడు. తెలిసినవాడు ఒక్కో కన్సోల్ దగ్గరికి వెళ్లి "గో" అని రెండక్షరాలు కొడితే ఎక్కడ ఆగాయో అక్కడినుంచే మళ్లీ నడుస్తాయి. ఆ రెండక్షరాలు తెలియక రాత్రంతా డిస్కులు చెక్ చేసుకున్న ల్యాబులున్నాయి. తర్వాత్తర్వాత సన్ వాడు బ్రేక్ బదులు వేరే కీల వరస పెట్టుకునే వీలు ఇచ్చాడు, కన్సోల్ సర్వర్లు అమ్మేవాళ్లు "బ్రేక్ సేఫ్" అని అట్టపెట్టె మీదే అచ్చువేసుకోవడం మొదలుపెట్టారు. ఎవడో ఎక్కడో ప్లగ్గు పీకి చూసి గోల పెడితేనే కదా ఆ మాట అట్టపెట్టె మీదకి ఎక్కింది.

రెండో పరీక్ష, ఇది ఎక్కణ్ణుంచి బూట్ అవుతుంది? అప్పటి పెట్టెల్లో చాలావాటికి సొంత బుర్ర ఉండేది కాదు. కరెంటు రాగానే బూట్‌పీ అనో టీఎఫ్‌టీపీ అనో నెట్‌వర్క్ మీద కేక వేసి, ఏదో ఒక యునిక్స్ హోస్టు నుంచి తన సాఫ్ట్‌వేర్ దింపుకునేవి. మామూలు రోజుల్లో బాగానే ఉంటుంది. ఇప్పుడు కరెంటు పోయి వచ్చిందనుకోండి. పెట్టె క్షణాల్లో లేచి కేక వేస్తుంది. హోస్టేమో ఎఫ్ఎస్‌సీకే అని తన డిస్కులన్నీ తడుముకుంటూ అరగంట కూర్చుంటుంది. పెట్టె ఓపిగ్గా మళ్లీ మళ్లీ అడుగుతుందా, నాలుగుసార్లు అడిగి అలిగి కూర్చుంటుందా? సరే, ఓపికే ఉందనుకుందాం. ఆ హోస్టు డిస్కు చెక్కులో ఏదో ప్రశ్న అడిగి ఆగిపోయింది. జవాబు కొట్టాలంటే దాని కన్సోల్ కావాలి. కన్సోల్ ఎక్కడుంది? టెర్మినల్ సర్వర్లో. టెర్మినల్ సర్వర్ దేనికోసం చూస్తోంది? ఆ హోస్టు కోసం! బావిలో పడ్డవాడికి వెయ్యాల్సిన తాడు పడ్డవాడి నడుముకే కట్టి ఉంచినట్టు.

మా రోజుల్లో ఏది కొన్నా ఈ ఒక్క మాట చూసుకునేవాళ్లం. ఆపదలో ఆదుకోవాల్సింది ఆపదలో ఉన్నదాని మీద ఆధారపడకూడదు. అందుకే రెండు హోస్టుల్లో బూట్ ఫైలు పెట్టేవాళ్లం, ఫ్లాష్ మెమొరీ ఉన్న మోడల్ దొరికితే పదివేలు ఎక్కువైనా దానికే ఓటేసేవాళ్లం. ఫైనాన్స్ ఆఫీసరు "ఈ ఫ్లాష్ ఏమిటయ్యా, ఫోటోలు తీస్తుందా?" అని ఫైలు మీద కామెంటు రాస్తే, దానికి రెండు పేజీల వివరణ కూడా రాసిచ్చేవాళ్లం.

మూడోది మోడెమ్ పరీక్ష. మోడెమ్ ద్వారా ఒకడు లాగిన్ అయ్యాడు, మధ్యలో ఫోన్ లైను తెగింది. డీసీడీ అనే తీగ, డీబీ-25లో ఎనిమిదో పిన్ను, పడిపోయిందని మోడెమ్ చెబుతుంది. పెట్టె దాన్ని పట్టించుకుని ఆ సెషన్ మూసెయ్యాలి. పట్టించుకోకపోతే? తర్వాత ఫోన్ చేసినవాడు లాగిన్ అడక్కుండానే నేరుగా ముందువాడి షెల్‌లో దిగుతాడు. ముందువాడు రూట్, అంటే మెషిన్ మీద సర్వాధికారి, అయితే వీడూ రూటే. అందుకని డెమోలో లాగిన్ అయి, ఫోన్ తీగ లాగేసి, మళ్లీ డయల్ చేసేవాళ్లం. లాగిన్ అని అడిగితే పెట్టె పాసు. డాలర్ గుర్తు కనిపిస్తే అట్టపెట్టెలో పెట్టి పంపించెయ్యడమే. ఇప్పటివాళ్లు సెక్యూరిటీ ఆడిట్ అని మూడొందల పేజీల రిపోర్టు ఇస్తారు. మా ఆడిట్ ఫోన్ తీగ లాగడమే. దొంగ దొరికేవాడు.

నాలుగోది ఫ్లో కంట్రోల్. ఇది పెద్ద యుద్ధం. వేగంగా వస్తున్న అక్షరాలని కాసేపు ఆపమని చెప్పడానికి రెండు పద్ధతులు. ఆర్‌టీఎస్, సీటీఎస్ అని వేరే తీగలు పెట్టి చెప్పడం ఒకటి. ఆ తీగలు మిగుల్చుకుని, అక్షరాల్లోనే చెప్పడం రెండోది. కంట్రోల్-ఎస్ అంటే ఆగు, కంట్రోల్-క్యూ అంటే సాగు. రెండోదానికి మూడు తీగలు చాలు కాబట్టి లోకమంతా దానిమీదే పడింది. కానీ ఈమాక్స్ ఎడిటర్లో కంట్రోల్-ఎస్ అంటే వెతుకు. ప్రొఫెసరుగారు పేపరు రాసుకుంటూ ఒక మాట వెతుకుదామని కంట్రోల్-ఎస్ కొడతారు. అది ఈమాక్స్ దాకా పోదు, దారిలో టెర్మినల్ సర్వర్ అందుకుని "ఆగమన్నారు కదా" అని ఆపేస్తుంది. తెర బిగుసుకుపోతుంది. ఆయన ఫోన్ చేసి "మీ యునిక్స్ మళ్లీ చచ్చింది" అంటారు. "కంట్రోల్-క్యూ కొట్టండి సార్" అంటే, "ఇంత చదువుకున్నవాణ్ణి, నాకు చెబుతావా" అన్నట్టు ఒక నిశ్శబ్దం, తర్వాత "ఆ, వచ్చిందిలే" అని ఫోన్ పెట్టేస్తారు. కాబట్టి పెట్టె కొనేటప్పుడు హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ప్రతి పోర్టుకీ ఉందా, పోర్టుపోర్టుకీ విడిగా మార్చుకోవచ్చా అని అడిగేవాళ్లం. ఎనిమిది పిన్నుల జాక్ ఇచ్చి లోపల నాలుగే కలిపిన ఘనులు కూడా ఉండేవారు.

ఐదోది ప్రోటోకాల్. డిజిటల్ కంపెనీ వాళ్ల డెక్‌సర్వర్లు లాట్ అనే ప్రోటోకాల్ మాట్లాడేవి. ఒకే ల్యాన్‌లో చాలా చలాకీగా ఉండేది, కొన్ని అక్షరాలు పోగుచేసి ఒకే ప్యాకెట్లో పంపేది. కానీ లాట్ రౌటర్ దాటదు. పక్క బిల్డింగులో రౌటర్ అవతల ఉన్న యునిక్స్ మెషిన్ దానికి కనిపించదు. టెల్నెట్ రౌటర్లు దాటుతుంది గానీ తిండిపోతు. ఒక్క అక్షరం పంపడానికి 40 బైట్ల హెడర్లు, ఈథర్‌నెట్‌లో ఫ్రేము కనీసం 64 బైట్లు ఉండి తీరాలి. మళ్లీ ఆ అక్షరం తెరమీద కనపడాలంటే అవతలినుంచి ఎకో రావాలి. ఫోర్డ్ ఏరోస్పేస్‌లో జాన్ నేగుల్ అనే ఆయన 1984లోనే దీని గురించి రాసి, చిన్న చిన్న అక్షరాల్ని ఎలా పోగుచేసి పంపాలో చెప్పాడు. ఆయన పేరుతో ఉన్న పద్ధతి ఇవాళ్టి మీ ఫోన్లలో కూడా ఉంది. అప్పుడు మేం అక్షరం అక్షరం లెక్కపెట్టుకున్నాం. ఇప్పుడు ఒక "గుడ్ మార్నింగ్" బొమ్మకి రెండు మెగాబైట్లు. పైగా దానిలో గులాబీ పువ్వు, మంచు బిందువు.

ఇక తీగల సంగతి. ఆర్ఎస్-232 పేరుకి స్టాండర్డు. అందులో ఉన్నన్ని ఇష్టారాజ్యాలు ఇంకెక్కడా లేవు. డీబీ-25లో రెండో పిన్ను పంపేది, మూడోది అందుకునేది. పీసీల డీబీ-9లో తారుమారు. టెర్మినల్ సర్వర్లలో టెలిఫోన్ జాక్ లాంటి ఆర్‌జే-45 వచ్చాక ఒక్కో కంపెనీది ఒక్కో వరస. అడాప్టరు కప్పు విప్పితే లోపల నీలం, నారింజ, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, గోధుమ, తెలుపు, ఎనిమిది రంగుల తీగలు వేలాడేవి. కాగితం ముక్క మీద వరస రాసుకుని ఒక్కో పిన్నూ ఒక్కో రంధ్రంలో గుచ్చాలి. టిక్కుమని చప్పుడు వచ్చిందంటే దిగినట్టు. తప్పు రంధ్రంలో దిగిందంటే దాన్ని లాగే పనిముట్టు వెతుక్కోవాలి, అది ఎప్పుడూ ఎవడో తీసుకుపోయి ఉంటాడు. తీగ పెట్టాక బ్రేకౌట్ బాక్స్ మధ్యలో తగిలించి ఎర్ర దీపం, పచ్చ దీపం చూసుకుని, ఆ తర్వాతే మనిషిని కూర్చోబెట్టేవాళ్లం. ప్రతి తీగకీ రెండు చివరలా లేబుల్. ఒక పెద్ద రిజిస్టరు, అందులో పోర్టు నంబరు, గది నంబరు, వేగం, ప్యారిటీ, ఎవరిది, ఎప్పుడు మార్చాం. ఇప్పుడు "అంతా వికీలో ఉంది సార్" అంటారు. ఆ వికీ ఏ సర్వర్లో ఉందని అడగండి. పడిపోయిన దానిలోనే ఉంటుంది.

సపోర్టు అంటే అప్పుడు మనిషి. వానాకాలం వచ్చిందంటే మాకు పండగే. పక్క బిల్డింగు దాకా లాగిన సీరియల్ తీగ పిడుగు ఎక్కడో పడితే ఇక్కడ షాకు తినేది. రెండు బిల్డింగుల ఎర్తుల మధ్య తేడా ఉంటే పిడుగు కూడా అక్కర్లేదు. పోయేది పెట్టె మొత్తం కాదు, పోర్టు వెనక ఉన్న 1488, 1489 అనే లైన్ డ్రైవర్, లైన్ రిసీవర్ చిప్పులు. అందుకే కొనేటప్పుడు మూత విప్పించి చూసేవాళ్లం, ఆ చిప్పులు సాకెట్లో కూర్చున్నాయా, బోర్డుకి అతికించేశారా అని. సాకెట్లో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీకి స్కూటర్ మీద వెళ్లి ఒక డజను కొనుక్కొచ్చి, స్క్రూడ్రైవరుతో పాతది లేపి కొత్తది నొక్కితే అయిపోయేది. సాయంత్రానికి పోర్టు బతికేది. బోర్డుకి అతికించేస్తే విదేశీ మారకం, కస్టమ్స్, ఏజెంటు, ఉత్తరాలు... వాన వెలిసి మామిడికాయలు వచ్చేదాకా ఎదురుచూడాలి. ఇప్పుడు ఏ వస్తువు మూత విప్పినా "వారంటీ పోయింది" అని స్టిక్కరు చిరుగుతుంది. విప్పినా లోపల ఒకటే నల్ల ముక్క, దాన్ని మార్చడానికి కోఠీలో కాదు కదా తైవాన్‌లో కూడా ఎవరూ కూర్చోరు.

సపోర్టులో ఇంకో ముఖ్యమైన పని కన్సోల్ లాగ్. టెర్మినల్ సర్వర్‌ని తిప్పి వాడితే, అంటే మనిషి దానినుంచి హోస్టుకి పోవడం కాకుండా, నెట్‌వర్క్ మీదనుంచి దాని పోర్టులోకి టెల్నెట్ చేస్తే, ఆ పోర్టుకి తగిలిన మెషిన్ కన్సోల్ చేతిలోకి వస్తుంది. రివర్స్ టెల్నెట్ అనేవాళ్లం. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 1990లో ఇలా అన్ని కన్సోళ్లనీ ఒకచోటికి తెచ్చి, ప్రతి అక్షరం ఫైలుకెక్కించే ప్రోగ్రాం రాసి అందరికీ పంచిపెట్టారు. రాత్రి రెండింటికి మెషిన్ పానిక్ అయి పడిపోతే, అది పోతూ పోతూ చెప్పిన చివరి మాట పొద్దున్న ఫైల్లో ఉండేది. ఏ డిస్కు, ఏ బ్లాకు, ఏ అడ్రసు. ఇప్పటి మెషిన్లు పోయేముందు ఏమంటాయి? "సంథింగ్ వెంట్ రాంగ్." ఆ మాత్రం మాకు తెలియదా!

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు ఈ పెట్టెలకి మహర్దశ పట్టింది. విద్యార్థులకి 500 రూపాయల షెల్ అకౌంటు. బొమ్మలుండవు, అక్షరాలే. మోడెమ్ కూకూ కీకీ అని కూసి, అవతల మోడెముల బ్యాంకుకి తగిలి, యునిక్స్ ప్రాంప్ట్ వచ్చేది. పైన్‌లో మెయిలు, లింక్స్‌లో వెబ్బు. అమెరికా వెళ్లిన కొడుకుల ఉత్తరాలు ఈ దారినే వచ్చాయి. ప్రపంచమంతా ఇంటర్నెట్ అమ్మేవాళ్లు టెర్మినల్ సర్వర్ల మీదే బతికారు. వేలమంది పాస్‌వర్డులు ఒక్కో పెట్టెలో పెట్టడం కుదరదు కాబట్టి లివింగ్‌స్టన్ అనే కంపెనీ రేడియస్ అని పద్ధతి కట్టి, దాని సోర్స్ కోడ్ ఊరికే ఇచ్చేసింది. 1997లో అది ఆర్ఎఫ్‌సీ అయింది. ఆ ఏడే లివింగ్‌స్టన్‌ని లూసెంట్ కొనేసింది. కంపెనీ పోయింది, రేడియస్ ఉంది. ఇవాళ మీ ఆఫీసు వైఫై పాస్‌వర్డు చాలా చోట్ల దానితోనే తనిఖీ అవుతోంది. కొనేటప్పుడు మేం అడిగే ఇంకో ప్రశ్న కూడా ఇదే: కంపెనీ రేపు మూతపడితే మా చేతిలో ఏం మిగులుతుంది? ఎనెక్స్ అనే టెర్మినల్ సర్వర్లు ఎన్‌కోర్ నుంచి జైలాజిక్స్‌కి, 1995లో బే నెట్‌వర్క్స్‌కి, 1998లో నార్టెల్‌కి చేతులు మారాయి. తర్వాత నార్టెలే దివాలా తీసింది. సోర్సూ మాన్యువలూ దాచుకున్నవాడు నిలబడ్డాడు.

అన్నీ మా రోజులే గొప్పవని అననులెండి. టెల్నెట్‌లో పాస్‌వర్డు పచ్చిగా పోయేది. ఒకే కోయాక్స్ తీగ మీద అందరం వేలాడుతుంటే పక్క గదిలో కుర్రాడు కూర్చుని అందరి పాస్‌వర్డులూ చదువుకోవచ్చు. ఆ కోయాక్స్‌లో ఒక చివర టెర్మినేటర్ ఎవరైనా ఊడదీస్తే మొత్తం అంతస్తు మూగబోయేది. 1995లో ఫిన్లాండ్‌లో ఎస్ఎస్‌హెచ్ రాసినాయనకి నేను చెయ్యెత్తి దణ్ణం పెడతాను. దానిముందు టెల్నెట్ నిలవదు, నిలవకూడదు కూడా. తుడిచెయ్యాల్సినవి తుడిచెయ్యాల్సిందే.

నా గొడవల్లా టెల్నెట్ పోయిందని కాదు, ప్లగ్గు పీకి చూడటం పోయిందని. 2021 అక్టోబర్ 4న మనకి రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అన్నీ ఆగిపోయాయి గుర్తుందా? మన ఫోన్ పాడైందనుకుని అందరం ఆపి ఆన్ చేసుకున్నాం. మామూలు మెయింటెనెన్సులో ఒక కమాండు కొడితే ఫేస్‌బుక్ వెన్నెముక నెట్‌వర్కంతా తెగిపోయింది. దాంతో వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు ఇంటర్నెట్ నుంచి మాయమయ్యాయి. సరే, తప్పులు జరుగుతాయి. సరిచెయ్యడానికి లోపలికెళ్లాలంటే మామూలు దారీ లేదు, ఆపదకని పెట్టుకున్న రెండో దారీ లేదు. వాళ్లే రాసుకున్నారు ఆ మాట. చివరికి ఇంజినీర్లని డేటా సెంటర్లకి పంపారు. అక్కడ తాళాలు, కాపలాలు ఎంత గట్టివంటే లోపలికెళ్లడానికే టైం పట్టింది. దాదాపు ఆరు గంటలు. ప్రపంచంలో కెల్లా తెలివైనవాళ్లని ఏరి కొనుక్కున్న కంపెనీ!

మరుసటేడు, 2022 జూలై 8న, కెనడాలో రోజర్స్ నెట్‌వర్క్ కూలింది. కోటి ఇరవై లక్షలమందికి పైగా ఫోనూ ఇంటర్నెట్టూ పోయాయి. టొరంటోలో ఉన్న మనవాళ్లు ఇంటికి ఫోన్ చెయ్యలేకపోయారు, కొట్లలో డెబిట్ కార్డులు పనిచెయ్యలేదు. తర్వాత విచారణలో తేలిందేమిటి? నెట్‌వర్క్‌ని సరిచెయ్యాల్సిన మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ కూడా ఆ పడిపోయిన కోర్ నెట్‌వర్క్ మీదే నడిచేది. ఇంజినీర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుందామంటే వాళ్ల ఫోన్లూ అదే కంపెనీవి. టెర్మినల్ సర్వర్ తన పోర్టుకి కన్సోల్ తగిలించిన హోస్టు నుంచే బూట్ అయ్యే కథ గుర్తొచ్చిందా? అదే కథ. కాకపోతే మా కథలో ఇరవైమంది టీకి వెళ్లేవారు.

ఇంకో తమాషా. 2021లో అమెజాన్ క్లౌడ్‌వాళ్లు గొప్పగా ఒక కొత్త సదుపాయం ప్రకటించారు. సీరియల్ కన్సోల్! మెషిన్ నెట్‌వర్క్ పోయినా సీరియల్ పోర్టు ద్వారా లోపలికెళ్లి బాగుచేసుకోవచ్చట. లినక్స్‌లో ఆ పోర్టు పేరు ఇప్పటికీ టీటీవై-ఎస్-సున్నా. సిస్కో రౌటరు కొత్తది కొన్నా చాలావాటిలో కన్సోల్ వేగం 9600 దగ్గరే మొదలు, ఎనిమిది బిట్లు, ప్యారిటీ లేదు, ఒక స్టాప్ బిట్. యాభై ఏళ్లుగా అన్నీ మార్చారు, ఆఖరి దారి మాత్రం మార్చడానికి ఎవడికీ ధైర్యం చాలలేదు. అది ఉందని ఈ కుర్రాళ్లకి ఎవరూ చెప్పరు, అంతే.

ఇప్పుడు మా కాలనీ పిల్లలు పెద్ద పెద్ద కంపెనీల్లో ఉన్నారు. ఎస్ఆర్ఈ అట, డెవ్‌ఆప్స్ అట. పండక్కి వచ్చి కాళ్లకి దణ్ణం పెడితే దీవించి ఊరుకోను, నాలుగు ప్రశ్నలు వేస్తాను. అసలు నెట్‌వర్క్ పడితే నీ మెషిన్లోకి ఏ దారిన వెళ్తావు? ఆ దారికి పాస్‌వర్డు ఇచ్చే సర్వర్ ఎక్కడుంది, పడినదాని వెనకేనా? ఆ దారి మ్యాపు కాగితం మీద ఉందా, వికీలో ఉందా? ఆ దారిన చివరిసారి నిజంగా నడిచి చూసింది ఎప్పుడు? మొదటి మూడింటికీ గబగబా చెబుతారు, చదువుకున్నవాళ్లు కదా. నాలుగోదానికి "అంకుల్, ప్రొడక్షన్ కదా, అలా టెస్ట్ చేస్తే ఊరుకుంటారా?" అంటారు.

ఊరుకోరు. మా డైరెక్టరు గారూ ఊరుకునేవారు కాదు. ప్లగ్గు పీకినందుకు మా సీనియర్ మీద మెమోలు కూడా వచ్చాయి. అందుకే ఆయన ఆదివారం వచ్చి పీకేవారు. మీకూ ఆదివారాలున్నాయి కదా!